డ్యాక్ కొనే ముందు హాల్లో ఒకసారి చప్పట్లు కొట్టండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. కావలిలో కొత్తిల్లు కట్టుకున్నారు. మీ నాన్నగారి కాలం నాటి యాంప్లిఫయర్‌ను దుమ్ము దులిపి, కొత్త బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తగిలించి, ల్యాప్‌టాప్ నుంచి చిన్న యూఎస్‌బీ డ్యాక్ (అంకెల రూపంలో ఉన్న పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) ద్వారా పాటలు వింటున్నారు. బాలు పాటల్లో స, శ అక్షరాలు చెవుల్లో గుచ్చుకుంటున్నాయి. అరగంటకే తల బరువెక్కుతోంది. 15,000 రూపాయల లోపు "వార్మ్"గా పలికే డ్యాక్ కావాలి. రెసిస్టర్లతో కట్టే ఆర్2ఆర్ రకం మేలా, పాత రేడియోల్లో వెలిగే గాజు ట్యూబ్ ఉన్నది మేలా, ఏ చిప్ ఉన్నది కొనాలి?

నన్ను అన్నా అన్నారు కాబట్టి చనువుగానే చెబుతాను. ఒంగోలులో ముప్పై ఏళ్లుగా యాంప్లిఫయర్లు విప్పి బిగిస్తున్న అనుభవంతో చెబుతున్నా, మీ బాధకు డ్యాక్ కారణం అయ్యే అవకాశం తక్కువ. కొనొద్దని అనను. ఏం కొనాలో కూడా చెబుతాను. కానీ ముందు డబ్బు ఖర్చు లేని పనులు నాలుగున్నాయి, అవి అయ్యాకే.

అసలు ఈ "వార్మ్" అనే మాటతోనే సగం చిక్కు. మనం వెచ్చటి గొంతు అనం. నిండుగా ఉంది, మెత్తగా ఉంది, కమ్మగా ఉంది అంటాం. మూడూ మూడు వేర్వేరు సంగతులు. స్వరం ఎత్తును హెర్ట్జ్‌లో కొలుస్తారు, అంకె పెరిగితే స్వరం పైకి పోయినట్టు. నిండుతనం సుమారు 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గొంతులో గుండె బలం, మృదంగం ఎడమవైపు పలుకు అక్కడివి. గీరుకుపోయినట్టు ఉండటం 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ దగ్గర. మీరు చెప్పే స, శల పోటు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. ఇప్పుడు వచ్చే మామూలు డ్యాక్ ఏదైనా ఈ మొత్తం మేరలో గీత గీసినట్టు సమంగా ఉంటుంది, తేడా ఉంటే అర డెసిబెల్ (శబ్దం గట్టితనానికి కొలత) లోపు. అదే స్పీకరును గదిలో పెట్టి కొలిస్తే ఒకచోట 5 డెసిబెల్స్ ఎక్కువ, ఇంకోచోట 8 తక్కువ, అలా కొండలూ లోయలూ కనిపిస్తాయి. లోయ పూడ్చాల్సిన చోట వదిలేసి గీత మీద మెరుగు పెడితే ఏం లాభం?

కాబట్టి హాలు మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగకుండా "టింగ్‌ర్‌ర్" అని కాసేపు గోడల మధ్య కొట్టుకుంటే, మీ శత్రువు అక్కడున్నాడు. మన జిల్లాల్లో కొత్తిల్లు అంటే ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. కింద విట్రిఫైడ్ టైల్స్, లేదా కాస్త ఉన్నవాళ్లయితే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, అద్దంలా మెరిసిపోతూ. గోడలకు నున్నటి పుట్టీ. ఒక పక్క గాజు తలుపుల షోకేసు. కళ్లకు ఎంత బాగుంటుందో చెవులకు అంత హింస. గ్రానైట్, గాజు, పుట్టీ గోడ, ఈ మూడూ పై స్వరాలను దాదాపు ఏమీ మింగవు, వచ్చినవి వచ్చినట్టు తిప్పి కొడతాయి. స్పీకరు నుంచి ఒకసారి వచ్చిన "స" మీ చెవికి నాలుగుసార్లు చేరుతుంది.

స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరచండి. మీరు కూర్చునే చోటికి వెనక గోడ దగ్గర పరుపు ఒకటి నిలబెట్టి చూడండి, పరీక్ష కోసమే, చుట్టాలొచ్చేలోపు తీసేయొచ్చు. తేడా తెలిస్తే ఆ తరవాత మందపాటి కర్టెన్లు, పుస్తకాల బీరువా, గుడ్డ సోఫా అని నిదానంగా ఆలోచించవచ్చు. పలచటి నైలాన్ కర్టెన్ల వల్ల ఉపయోగం లేదు.

స్పీకర్లు షోకేసు గూట్లో దూర్చి ఉంటే బయటికి తీయండి. గూట్లో పెడితే బాస్ గుడగుడలాడుతుంది, మాట మసకబారుతుంది. స్టాండు మీద, ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకరు) మీ చెవి ఎత్తులో ఉండేట్టు పెట్టండి. ఇక నిండుతనం కావాలంటే వెనక గోడకు అడుగు, అడుగున్నర దూరంలోకి జరపండి. గోడ దగ్గరయ్యే కొద్దీ కింది స్వరాలు బలపడతాయి. ట్వీటర్లు సూటిగా మీ ముఖంలోకి చూస్తుంటే వాటిని కాస్త బయటికి తిప్పండి, పక్కకు తిరిగిన ట్వీటర్ పై స్వరాలను మీకు తక్కువగా ఇస్తుంది. ఇంత చౌకగా దొరికే "వార్మ్" ఇంకెక్కడా లేదు.

రెండో అనుమానం, నా లెక్కలో మీ విషయంలో చాలా గట్టి అనుమానం, యాంప్లిఫయర్ ఇన్‌పుట్. సీడీ ప్లేయర్లు వచ్చింది 1982లో. అంతకుముందు టేప్ డెక్కు, ట్యూనర్ లాంటివి బయటికిచ్చే సిగ్నల్ అర వోల్టు, అటూ ఇటూ. అప్పటి యాంప్లిఫయర్లను ఆ లెక్కకే కట్టారు, ఇన్‌పుట్‌కు 150, 200 మిల్లీవోల్టులు ఇచ్చినా పూర్తి పవర్ వచ్చేస్తుంది. సీడీ ప్లేయర్లతో 2 వోల్టులు అలవాటైంది, ఇప్పటి డ్యాక్‌లూ అదే ఇస్తాయి. అర వోల్టుకు 2 వోల్టులంటే నాలుగు రెట్లు, 12 డెసిబెల్స్ ఎక్కువ. మీ వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పగానే హాలు దద్దరిల్లుతోందా? అయితే ఇదే కేసు. కొన్ని పాత సెట్లలో వాల్యూమ్ కంట్రోల్‌కు ముందే ఒక ట్రాన్సిస్టర్ దశ ఉంటుంది. 2 వోల్టులు దాని నెత్తిన పడితే అలల శిఖరాలు తెగిపోతాయి. వాల్యూమ్ ఎంత తగ్గించినా ఆ తెగిన శిఖరం తెగినట్టే మీ దాకా వస్తుంది. చెవుల్లో గుచ్చుకునేది సరిగ్గా అదే. నాబ్ అడుగున ఎడమ, కుడి సమంగా రాకపోవడం ఇంకో తలనొప్పి.

పరీక్ష సులువు. ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ 12 డెసిబెల్స్ తగ్గించి, యాంప్లిఫయర్ నాబ్ పెంచి అదే పాట వినండి. మెత్తబడిందా? అయితే డ్యాక్ కాదు, 20 రూపాయల రెసిస్టర్లు కొనండి. ఒక్కో ఛానెల్‌కు సిగ్నల్ దారిలో 10 కిలోఓమ్స్, ఆ తరవాత సిగ్నల్ నుంచి గ్రౌండ్‌కు 3.3 కిలోఓమ్స్, పావు వాట్ మెటల్ ఫిల్మ్‌వి. సుమారు 12 డెసిబెల్స్ తగ్గుతుంది. యాంప్లిఫయర్ వైపు పిన్ను దగ్గరే సోల్డర్ చేయించండి. వెనక ఐదు కాళ్ల డిన్ సాకెట్ ఉంటే ఆ ప్లగ్గులోనే ఇమిడిపోతాయి.

ఇంకా యాంప్లిఫయర్ లోపలి సంగతి ఉంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు ప్రతి 10 డిగ్రీల వేడికి ఆయుష్షు సగమవుతుందని మా పనిలో ఒక లెక్క. రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లా ఎండ, పైన గాలాడని షోకేసు, ముప్పై నలభై ఏళ్ల వయసు. లోపల కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే బాస్ సన్నబడుతుంది, 100 హెర్ట్జ్ హమ్ (కింది స్వరంలో గుయ్యిమనే రొద) మొదలవుతుంది. బాస్ సన్నబడితే పైన ఉన్నది ఉన్నట్టే ఉన్నా గీరుగా తోస్తుంది. ఇది చాలామంది డ్యాక్ మీదికి తోసేసే నేరం.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. డ్యాక్‌లో వెచ్చదనం అనేది ఉంటే అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఆర్2ఆర్ అంటే కిరాణా కొట్టు కాటా రాళ్లు అనుకోండి. కిలో, అరకిలో, పావుకిలో, అరపావు, ఒక్కోటి ముందు దానిలో సగం. అలాంటివి 16 ఉంటే వాటిని రకరకాలుగా కలిపి 65,536 తూకాలు తూచవచ్చు. సీడీలోని 16 బిట్లు అవే. రాళ్ల బదులు ఇక్కడ ఆర్, 2ఆర్ విలువల రెసిస్టర్లు. చిక్కంతా ఎక్కడంటే, మొదటి రాయి కిలో అయితే పదహారో రాయి బరువు 0.03 గ్రాము. కిలో రాయిలో ఒక్క గ్రాము తేడా, అంటే 0.1 శాతం ఉన్నా చివరి ఆరు రాళ్లూ దండగ. 0.01 శాతం కచ్చితమైన రెసిస్టర్లు వాడినా చివరి రెండింటికీ విలువ లేదు. అందుకే మంచి ఆర్2ఆర్ కట్టడం ఖరీదైన పని. చౌకవాటిలో చిన్న శబ్దాల దగ్గర, పాట చివర సన్నగా కరిగిపోయే చోట కాస్త వంకర మిగులుతుంది. డెల్టా సిగ్మా పద్ధతి వేరు. ఒకే కుళాయిని సెకనుకు లక్షలసార్లు తెరిచి మూసి సగటున కావలసిన ధార తెప్పించడం లాంటిది. రాళ్ల తేడా గొడవ ఉండదు, రొదను మన చెవికి అందని పై మేరలోకి నెట్టేస్తారు. ఇప్పటి డ్యాక్‌లలో ఎక్కువభాగం ఇవే. ఆర్2ఆర్ వెచ్చన, డెల్టా సిగ్మా చల్లన అనే మాట పద్ధతి వల్ల వచ్చింది కాదు, దాని చుట్టూ కట్టే మిగతా సరంజామా వల్ల వచ్చింది.

ఆ సరంజామాలో మొదటిది ఫిల్టర్. కొన్ని ఆర్2ఆర్ డ్యాక్‌లు ఓవర్‌శాంప్లింగ్ (పాటను కొలిచిన అంకెల మధ్య కొత్త అంకెలు లెక్కగట్టి నింపడం) లేకుండా పనిచేస్తాయి, వాటిని ఎన్ఓఎస్ అంటారు. 44.1 కిలోహెర్ట్జ్ సీడీ పాటను అలా మెట్లు మెట్లుగా వదిలేస్తే పై స్వరాలు వాటంతటవే వాలిపోతాయి. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ముప్పావు డెసిబెల్, 20 దగ్గర 3 డెసిబెల్స్‌కు కాస్త పైగా. ఎన్ఓఎస్ మెత్తదనంలో పెద్ద వాటా ఇదే. మాయ ఏమీ లేదు, ట్రెబుల్ నాబ్ ఒక గీత తగ్గించడమే. దాంతో పాటు 22 కిలోహెర్ట్జ్ పైన నకిలీ నీడలు కూడా బయటికొస్తాయి. అవి మనకు వినబడవు గానీ కొన్ని యాంప్లిఫయర్లకు, ట్వీటర్లకు పడవు. మామూలు డ్యాక్‌లలో కూడా ఫిల్టర్ ఎంచుకునే మెనూ ఉంటే "స్లో రోల్ ఆఫ్" పెట్టి చూడండి, ఇదే రుచి చిటికెడు దొరుకుతుంది.

రెండోది ట్యూబ్. నాకు ట్యూబులంటే ప్రేమే, దాచను. ట్యూబ్ దశ కలిపే వంకరలో ఎక్కువ భాగం రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెండింతల హెర్ట్జ్ ఉన్న స్వరం. సంగీతం భాషలో చెబితే సా పాడితే పై సా కూడా సన్నగా కలుస్తుంది. మూడోది పై పంచమం. తంబురా మీటినప్పుడు వినబడే ఆ స్వరాలే కాబట్టి చెవి వాటిని తప్పుగా పట్టుకోదు, గొంతు నిండినట్టు అనిపిస్తుంది. ఏడో హార్మోనిక్ లాంటివి అలా కాదు, మన స్వరస్థానాల్లో ఎక్కడా కూర్చోవు, అందుకే పైన చెప్పిన శిఖరాలు తెగిన శబ్దం అంత ఘోరంగా ఉంటుంది. అయితే ఒక మాట. చౌక ట్యూబ్ డ్యాక్‌లు కొన్నింటిలో ట్యూబ్ వెలగడానికే ఉంటుంది. దానికి ఇవ్వాల్సిన వోల్టేజీ ఇవ్వరు, కింద నారింజ రంగు ఎల్ఈడీ పెడతారు. చూడ్డానికి దీపావళి.

నేనూ ఒకసారి మునిగాను. పద్నాలుగేళ్ల కింద చెన్నైలో ఒక షాపులో ట్యూబ్ డ్యాక్ విని, 28,000 పెట్టి తెచ్చుకున్నా. మూడు వారాలు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ వినిపించా. "చూడబ్బయా, ఆ గొంతు ఎట్టా ముందుకొచ్చి నిలబడిందో" అని. ఒకరోజు ఎందుకో మల్టీమీటర్ పెట్టి కొలిచా. నా పాత సీడీ ప్లేయర్ 2 వోల్టులు ఇస్తుంటే, ఇది 2.9 ఇస్తోంది. అంటే 3 డెసిబెల్స్ పైచిలుకు గట్టిగా మోగుతోంది. మనిషి చెవికి కాస్త గట్టిగా ఉన్నదే బాగున్నట్టు తోస్తుంది, షాపులవాళ్లకు ఈ సంగతి మనకంటే ముందు తెలుసు. రెండింటినీ సమం చేసి, మా తమ్ముడి చేత చాటుగా వైర్లు మార్పించి 20 సార్లు విన్నా. 11 సార్లు సరిగ్గా చెప్పా. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. ఆ రాత్రి అన్నం సరిగ్గా దిగలేదు. ఆ డ్యాక్ ఇంకా మా ఇంట్లోనే ఉంది, చలికాలం సాయంత్రాలు వెలిగించుకుంటాను. బాగుంటుంది. కానీ ఎందుకు బాగుంటుందో తెలిసి వాడుతున్నాను.

మీరు పోల్చి చూడాలన్నా అలాగే చూడండి. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకరు టెర్మినల్ దగ్గర ఏసీ వోల్టేజీ కొలవండి. మామూలు మల్టీమీటర్లు తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గరే నమ్మకంగా చదువుతాయి. రెండు డ్యాక్‌లకూ ఒక శాతం తేడా లోపు, 2.00 ఒకటైతే రెండోది 2.02 దాటకుండా వాల్యూమ్ సర్దండి. ఆ తరవాత కళ్లు మూసుకుని వినండి.

చిప్ పేరు చూసి కొనడం గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను, దండగ. ఏకేఎం కంపెనీ తన పద్ధతికి "వెల్వెట్ సౌండ్" అని పేరు పెట్టుకుంది, అది చదివినవాళ్లందరికీ ముఖమల్ వినబడుతోంది. ఈఎస్ఎస్ చిప్పుకు "సేబర్" అని పేరు, అంటే కత్తి, దాంతో అందరికీ కోసినట్టుంది. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో ఏకేఎం ఫ్యాక్టరీ కాలిపోయి చిప్పులు దొరక్కపోతే, చాలా కంపెనీలు డిజైన్లు మార్చి వేరే చిప్పులు పెట్టుకున్నాయి. చిప్ మారిందని ప్రపంచంలో సంగీతం చల్లబడలేదు. పవర్ సప్లై, అవుట్‌పుట్ దశ, ఫిల్టర్, ఇవి ఎలా కట్టారన్నదే లెక్క.

పాత ఫిలిప్స్ టీడీఏ1541ఏ చిప్ గురించి కూడా మీరు అడిగారు. 80ల నాటి మంచి మల్టీబిట్ చిప్, సందేహం లేదు. నేనూ ఆ చిప్ ఉన్న సీడీ ప్లేయర్లు రిపేరు చేశాను, కమ్మగా పాడతాయి. కానీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే "కిరీటం గుర్తు" చిప్పుల్లో నకిలీలు కొల్లలు. మామూలు దాని మీద అరగదీసి కొత్త అచ్చు గుద్దుతారు. ఆ జోలికి పోకండి.

మరి ఏం కొనాలి? మీ బడ్జెట్‌లో అయితే టాపింగ్, ఎస్ఎంఎస్ఎల్, ఫియో లాంటి వాళ్ల మామూలు డెస్క్‌టాప్ డ్యాక్ ఒకటి. చూడాల్సినవి: ఆప్టికల్ (కాంతితో సిగ్నల్ తెచ్చే వైరు) ఇన్‌పుట్ ఉండాలి, ఫిల్టర్ మార్చుకునే వీలుండాలి, అవుట్‌పుట్ తగ్గించుకునే వాల్యూమ్ ఉండాలి, మన దగ్గర సర్వీసు, వారంటీ ఉండాలి. ఐఫై జెన్ డ్యాక్ లాంటి వాటిలో బర్ బ్రౌన్ చిప్ ఉంటుంది, వెచ్చన అని పేరు. బాగానే ఉంటాయి, పేరు కోసం మాత్రం ఎక్కువ ఇవ్వకండి. ఫియోవాళ్ల కే11 ఆర్2ఆర్ లాంటి చిన్న ఆర్2ఆర్ డ్యాక్‌లు కూడా వచ్చాయి. అందులో ఎన్ఓఎస్ పెట్టుకుని ఆ వాలిన ట్రెబుల్ మీకు నచ్చితే తప్పేం లేదు, మనసుకు నచ్చిందే కొనుక్కోండి. ధర ఆ రోజు చూసుకోండి, నెల నెలా మారుతుంటాయి. డెనాఫ్రిప్స్ లాంటి పెద్ద ఆర్2ఆర్‌ల వైపు ఇప్పుడే చూడొద్దు, ఆ డబ్బు పెడితే స్పీకర్లే మార్చుకోవచ్చు.

డ్యాక్ ఏదైనా, వెచ్చదనం అనేది ఈక్వలైజర్‌తో కొలిచి వేసుకోవచ్చు, ఉప్పు కారం వేసుకున్నట్టు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితంగా వస్తుంది. 250 హెర్ట్జ్ కింద 2 డెసిబెల్స్ పెంచండి, 3 కిలోహెర్ట్జ్ చుట్టూ 2 తగ్గించండి, 8 పైన ఒకటిన్నర తగ్గించండి. ముందు ప్రీయాంప్ అని ఉన్నచోట మైనస్ 4 పెట్టండి. ఆ మైనస్ ఎందుకంటే, పెంచినదానికి జాగా కావాలి. ఇంకో కారణం కూడా ఉంది. ఈమధ్య రీమాస్టర్ చేసిన పాటలను పైకప్పు తగిలేదాకా గట్టిగా చేసి వదులుతున్నారు. రెండు శాంపిళ్ల మధ్య అల ఆ కప్పును దాటుతుంది, డ్యాక్ లోపలి ఫిల్టర్ అక్కడ తెగ్గొడుతుంది. 3, 4 డెసిబెల్స్ తగ్గించి పంపితే ఆ గరుకుతనం పోతుంది. ఏ "వార్మ్" డ్యాకూ చేయని మేలు ఇది.

రికార్డింగ్ సంగతి కూడా ఒక్క ముక్క. ఘంటసాల పాటలు యూట్యూబ్‌లో ఎవరో ఎక్కించినవి వింటూ గరుకుగా ఉన్నాయంటే దానికి మందు లేదు. పాత సినిమా ఆప్టికల్ ట్రాక్‌లో 8 కిలోహెర్ట్జ్ పైన సంగీతం పెద్దగా ఉండదు. దాన్ని "క్లారిటీ" కోసం ఎవరో ట్రెబుల్ పెంచి, ఎంపీ3 చేసి, మళ్లీ ఎక్కించి ఉంటారు. అదే పాట మంచి సీడీ నుంచి వింటే మీ ఇప్పటి డ్యాక్‌లోనే వేరేగా ఉంటుంది.

హమ్ ఉందని చివర్లో రాశారు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. ఆగిపోతే గ్రౌండ్ లూప్, అంటే రెండు సెట్ల ఎర్త్ దారులు చుట్టులా కలిసి హమ్ తేవడం. ఆప్టికల్ వైరుతో టీవీ నుంచి తీసుకుంటే తెగిపోతుంది, ల్యాప్‌టాప్ నుంచే కావాలంటే యూఎస్‌బీ ఐసొలేటర్ పెట్టాలి. కరెంటు పోయినప్పుడే గీ అంటుంటే ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయ్యుంటుంది. సైన్ వేవ్‌ది కొనేదాకా ఆ సమయంలో పాటలు ఆపడమే. ఇంకోటి, సముద్రం మీకు అంత దూరంలో లేదు. ఆ ఉప్పుగాలికి యాంప్లిఫయర్ వైర్ల చివర ఉండే ఆర్‌సీఏ పిన్నులు నల్లబడతాయి. మూడు నెలలకోసారి పీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెలితిప్పి పెట్టండి. వందల రూపాయల బంగారు పూత వైర్లు అక్కర్లేదు.

ముందు జంపఖానా, తరవాత ల్యాప్‌టాప్ వాల్యూమ్ పరీక్ష, ఈ రెండూ ఈ ఆదివారం చేసి ఏమైందో రాయండి. వాల్యూమ్ తగ్గించినా గుచ్చుతూనే ఉంటే యాంప్లిఫయర్ వెనక, లోపల ఫొటోలు తీసి పంపండి, కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూసి చెబుతాను. ఉబ్బి ఉంటే ఒకరోజు రైలెక్కించి ఒంగోలు తెచ్చేయండి. మీ నాన్నగారి సెట్టు కదా, మార్చిన పాత కెపాసిటర్లు కూడా కవర్లో కట్టి ఇచ్చేస్తాను.